కమ్మదనం నుంచి గూర్మాండ్ వరకు: వేసవి తీపి పరిమళాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

మిఠాయిలు, పండ్లు, పానీయాల వాసనను ఒంటికి పూసుకొనేందుకు వీలుగా తయారుచేసే సెంట్లను ఆధునిక పరిమళ పరిశ్రమ ‘గూర్మాండ్’ అన్న ఫ్రెంచి మాటతో వ్యవహరిస్తుంది. ఈ వర్గం 1992లో పుట్టిందన్నది పరిశ్రమ చరిత్రలో స్థిరపడిన అభిప్రాయం. తినదగిన ద్రవ్యమే ఒంటి పరిమళం కావడం మధ్యయుగపు తెలుగు సాహిత్యంలో సుపరిచితమైన విషయం. ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపి, వేటిలో కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తీపికీ వేసవికీ ఉన్న సంబంధం రెండు సంప్రదాయాల్లో తలకిందులుగా ఉన్నదనీ, ఆ భేదానికి మూలం ద్రవ్యంలోనూ దాని ప్రయోజనంలోనూ ఉన్నదనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కమ్మదనం, గూర్మాండ్ పరిమళం, వనిలిన్, పచ్చకర్పూరం, వసంతోత్సవం, తాంబూలం, ఋతుచర్య, హరవిలాసం, మనుచరిత్ర, ఆముక్తమాల్యద.

1. ప్రస్తావన

తెలుగు సాహిత్య పరిశోధనలో వర్ణనలపై వచ్చిన కృషి చాలావరకు చూపుకు సంబంధించినది. రంగులు, ఆభరణాలు, నగరాలు, స్త్రీ సౌందర్యం వంటివి విస్తారంగా చర్చకు వచ్చాయి. వాసనకు ఆ భాగ్యం దక్కలేదు. కావ్యాల్లో కర్పూరం, కస్తూరి, పునుగు, జవ్వాది అడుగడుగునా కనిపిస్తున్నా వాటిని వర్ణనా సామగ్రిగా, కవిసమయంగా దాటవేయడం పరిపాటి. మల్లంపల్లి సోమశేఖర శర్మ రెడ్డిరాజ్యాల చరిత్రలోనూ, సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లోనూ ఈ ద్రవ్యాలను వర్తకానికీ జీవన విధానానికీ సాక్ష్యాలుగా స్వీకరించి దారి చూపారు. ఆ దారిలో ఇంకా నడవవలసింది చాలా ఉంది.

ఈ అవసరాన్ని వర్తమానం మరింత స్పష్టం చేస్తున్నది. నేటి అంగళ్లలో వేసవి సెంట్ల వరుసను గమనిస్తే మామిడి, పీచ్, కొబ్బరి, వనిల్లా, పంచదార పాకం వంటి పేర్లే ఎక్కువ. పూల పేర్లు వెనక్కి తగ్గాయి. తినే వస్తువు వాసనతో ఒంటిని అలంకరించుకోవడం సరికొత్త ఆలోచన అన్నట్లుగా ప్రచారం సాగుతున్నది. దీనికి ప్రతిగా ‘మనకు ఇది ఎప్పుడో ఉంది’ అని తేల్చేయడం సులభం. కాని ఆ సమాధానం చరిత్ర కాదు. ఉన్నది ఏమిటి, లేనిది ఏమిటి అన్న విచారణ చేసినప్పుడే ఆ పోలికకు విలువ కలుగుతుంది.

2. మాటల సాక్ష్యం

విచారణను భాష నుంచి ప్రారంభించడం సముచితం. శాస్త్ర పరిభాష రుచినీ వాసననూ స్పష్టంగా వేరుచేసింది. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో రసం ఆరు విధాలని చెప్పి, అందులో మధురానికి చోటిచ్చాడు. గంధం మాత్రం రెండే విధాలు: సురభి, అసురభి. అంటే ఈ వర్గీకరణ ప్రకారం వాసన మంచిది కావచ్చు, చెడ్డది కావచ్చు. తీయనిది కావడానికి అవకాశం లేదు. తీపి నాలుకకు చెందిన గుణం.

తెలుగు వాడుక ఈ గీతను పాటించలేదు. ‘కమ్మ’ అన్న మాటకు పరిమళం అన్న అర్థం ప్రాచీనం. ‘కమ్మతావి’ వంటి ప్రయోగాల్లో అది శుద్ధంగా వాసననే తెలుపుతుంది. అదే ‘కమ్మని’ అన్న విశేషణం నెయ్యికీ, పెరుగుకూ, వంటకూ చేరి రుచిని తెలుపుతుంది. ‘కమ్మగా ఉంది’ అన్నప్పుడు ముక్కు చెబుతున్నదో నాలుక చెబుతున్నదో విడదీయలేము. ‘ఘుమఘుమ’ మల్లెలకూ చెల్లుతుంది, తాలింపుకూ చెల్లుతుంది. మరోవైపు ‘కంపు’ ప్రాచీన కావ్యభాషలో సుగంధాన్ని కూడా తెలిపి, నేడు దుర్గంధానికే పరిమితమైంది. ‘వలపు’ ఒకప్పుడు పరిమళం, ప్రేమ రెండూ అయి, నేడు ప్రేమగానే మిగిలింది. ఈ మాటల్లో అర్థం ఏదో ఒక వైపు స్థిరపడగా, ‘కమ్మదనం’ మాత్రం రుచి, వాసనల మధ్యనే నిలిచి ఉన్నది.

ఈ విషయంలో ఆధునిక విజ్ఞానం శాస్త్రం కన్నా వాడుకకే దగ్గరగా ఉన్నది. నోట్లో నమిలే పదార్థపు వాసన గొంతు వెనుక దారి గుండా ముక్కుకు చేరుతుంది. రుచి అని మనం అనుకొనే దానిలో పెద్ద భాగం నిజానికి వాసనే. వనిల్లా వాసన ‘తీయగా’ తోచడానికి కారణం ఆ అణువులో తీపి ఉండటం కాదు. తీపి పదార్థాలతో కలిపి దానిని పదేపదే తినడం వల్ల ఏర్పడిన అలవాటు. తీపి వాసన అనేది ఒక జ్ఞాపకం. కనుక ఏ సమాజానికి ఏ వాసన తీయగా తోస్తుందన్నది ఆ సమాజపు వంటింటి చరిత్రపై ఆధారపడి ఉంటుంది.

3. ఐరోపాలో తీపి సెంటు వికాసం

ఐరోపాలో వేడి రోజులకు తగిన పరిమళంగా చాలాకాలం నిలిచినది నిమ్మజాతి పండ్ల తొక్కల నూనెలతో చేసిన ‘ఓ డి కొలోన్’. 1709లో కొలోన్ నగరంలో స్థాపితమైన జొహాన్ మరియా ఫరీనా సంస్థ దానికి ప్రఖ్యాతి తెచ్చింది. అది తేలికైనది, పుల్లనిది, త్వరగా ఆవిరయ్యేది. తీపికి అందులో ప్రాధాన్యం లేదు.

తీపి సెంటులోకి రావడానికి రసాయన శాస్త్రం కారణమైంది. వనిల్లా మెక్సికో ప్రాంతపు ఆర్కిడ్ తీగకు కాసే కాయ. మరోచోట నాటితే తీగ పెరిగినా కాయ కాసేది కాదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు పువ్వును చేతితో పరాగసంపర్కం చేయించే సులువైన పద్ధతి కనిపెట్టాకనే అక్కడ వనిల్లా సాగు లాభసాటి అయింది. ప్రతి పువ్వునూ విడిగా తాకవలసిన పంట కనుక ధర తగ్గలేదు. 1874లో జర్మన్ రసాయనజ్ఞులు ఫెర్డినాండ్ టీమన్, విల్‌హెల్మ్ హార్మన్ దేవదారు జాతి చెట్ల రసంలో లభించే కోనిఫెరిన్ నుంచి వనిలిన్‌ను తయారుచేశారు. హోల్ట్స్‌మిండెన్‌లో దాని కర్మాగారం వెలిసింది. అంతకుముందు 1868లో విలియం హెన్రీ పెర్కిన్ ఎండుగడ్డి వాసనతో కూడిన కూమరిన్‌ను సంశ్లేషించాడు. ఈ రెండింటినీ ఉపయోగించి ఎమె గెర్లాఁ 1889లో ‘జికీ’ని తయారుచేశాడు. అతని వారసుడు జాక్ గెర్లాఁ 1925లో విడుదల చేసిన ‘షాలిమార్’లో ఇంకా ఘాటైన ఇథైల్ వనిలిన్ ప్రధాన పాత్ర వహించింది. మొగలుల ఉద్యానవనం పేరు దానికి పెట్టడంలో తూర్పుదేశాలను తీపికీ భోగానికీ ప్రతీకలుగా చూసే ఆనాటి దృష్టి వ్యక్తమవుతుంది.

అయినా వీటిలో వనిల్లా ఒక అడుగు పొర మాత్రమే. పైన పూలు, నిమ్మజాతి నూనెలు, ధూపద్రవ్యాలు ఉండేవి. సెంటు సెంటులాగానే ఉండాలి తప్ప మిఠాయిలా ఉండకూడదన్నది అలిఖిత నియమం. ఆ నియమాన్ని బాహాటంగా ఉల్లంఘించినది 1992లో తియెరీ మ్యూగ్లర్ సంస్థ విడుదల చేసిన ‘ఏంజెల్’. దాని రూపకర్త ఒలివియే క్రెస్ప్. బాల్యంలో జాతరల్లో తిన్న మిఠాయిల జ్ఞాపకం దానికి ప్రేరణ. అందులో ఇథైల్ మాల్టాల్ అనే సంశ్లేషిత అణువు పీచుమిఠాయి, కాలిన పంచదార వాసనలను ఇచ్చింది. దాని పక్కన మట్టి, చెక్క వాసనలు గల పచౌలీ నూనెను పెద్ద మోతాదులో ఉంచి తీపికి బరువునిచ్చారు. గూర్మాండ్ అన్న వర్గం ఇక్కడి నుంచే లెక్కకు వచ్చింది.

ఈ క్రమంలో ఒక అంశం ప్రత్యేకంగా గమనించదగినది. వనిలిన్, ఇథైల్ మాల్టాల్ రెండూ ఆహార పరిశ్రమకు కూడా చెందినవే. బిస్కెట్లు, చాక్లెట్లు, మిఠాయిలలో వాటిని తిన్న తరం ఉన్నందువల్లనే అవి సెంటులో తీపిగా అర్థమయ్యాయి. వంటింటి అనుభవం ముందు, ఒంటి పరిమళం తరువాత.

4. పండు వాసన ఒంటికి చేరిన వైనం

పండు కథ కొంత భిన్నం. నిమ్మ, నారింజ వంటి వాటి తొక్కలో నూనె తిత్తులు ఉంటాయి. పిండితే నూనె వస్తుంది. మామిడి, పీచ్, అనాస, అరటి వంటి పండ్ల నుంచి ఆ విధంగా నూనె తీయడం సాధ్యం కాదు. వాటి వాసన అతి స్వల్పమైన అణువుల సముదాయం, నీటితో నిండిన గుజ్జులో కలిసి ఉంటుంది. కనుక ఎన్ని పూలను అత్తరు చేసినా, మామిడిపండును అత్తరు చేయడం సంప్రదాయ పద్ధతులకు అలవికాని పని.

ఆ అడ్డు కూడా రసాయన శాస్త్రమే తొలగించింది. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో బేరిపండు, అనాస వాసనలు గల కృత్రిమ సారాలు ప్రదర్శితమయ్యాయి. రసాయనజ్ఞుడు ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ వాటిని పరిశీలించి నివేదించాడు. అవి తొలుత చేరినది మిఠాయి బిళ్లల్లోకే. 1908లో కనుగొన్న గామా అండెకాలాక్టోన్ పీచ్ పండు వాసననిస్తుంది. 1919 నాటి గెర్లాఁ సెంటు ‘మిత్సుకో’ దానితోనే ప్రసిద్ధి పొందింది. అయితే పండునే ప్రధానం చేసి, తీపితో జోడించి, వేసవి రోజులకని ప్రత్యేకించడం 1990లలో స్థిరపడిన ధోరణి. జర్మన్ వస్త్రసంస్థ ఎస్కాడా 1993లో ‘షిఫాన్ సోర్బే’ అన్న పరిమిత విడుదల సెంటుతో ఈ దారి పట్టింది. ఉష్ణమండల ఫలాల వాసనలతో, ఆ తరువాత దాదాపు ప్రతి వేసవికీ ఒక కొత్త సెంటును తెచ్చే ఆనవాయితీ దానితో మొదలైంది.

ఈ పేరులో ఒక ప్రయాణం దాగి ఉంది. సోర్బే అంటే పండ్ల రసంతో చేసే మంచు తినుబండారం. ఆ మాట ఇటాలియన్ సోర్బెత్తో ద్వారా, తుర్కీ షెర్బెత్ ద్వారా అరబ్బీ మూలానికి వెళుతుంది. తెలుగులోని ‘షర్బత్’ కూడా ఆ మూలం నుంచి వచ్చినదే. గులాబీ, వట్టివేరు, చందనం కలిపిన తీపి నీళ్లుగా దక్కనులో తాగిన వస్తువు పేరు, జర్మనీలో ఒంటికి చల్లుకొనే సెంటు పేరైంది.

వేసవికి పండు ఎందుకు అవసరమైంది? వనిలిన్, ఇథైల్ మాల్టాల్ వంటివి ఒంటిపై ఎక్కువసేపు నిలుస్తాయి. ఎండలో చర్మం వేడెక్కినప్పుడు వాసన మరింతగా వెలువడుతుంది. చెమట, ఉక్కపోత తోడైతే ఆ తీపి మొహం మొత్తుతుంది. అందుకే ఐరోపా వాడుకలో తీపి సెంటు చలికాలపు వస్తువు. పండ్ల వాసనలు పులుపును స్ఫురింపజేసి, త్వరగా ఆవిరై, ఆ బరువును తగ్గిస్తాయి. అంటే ఈ సంప్రదాయంలో తీపి వేసవికి అడ్డు. పండు ఆ అడ్డును దాటించే ఉపాయం.

5. తీపి వేసవి రుచి: ఋతుచర్య దృష్టి

భారతీయ వైద్య సంప్రదాయంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాగ్భటుని అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయం గ్రీష్మంలో ఉప్పు, కారం, పులుపులను తగ్గించి, తీయనిదీ, తేలికైనదీ, చల్లనిదీ, ద్రవరూపమైనదీ అయిన ఆహారం తీసుకోవాలని చెబుతుంది. కలిగొట్టు పూలతో, కర్పూరంతో వాసన కట్టిన నీటిని తాగమంటుంది. మధురరసానికి శీతగుణం ఉన్నదన్న సిద్ధాంతం దీనికి ఆధారం. తీపి ఎండకు విరుగుడు, బరువు కాదు.

పూతకు కూడా ఇదే న్యాయం. చందనం, వట్టివేరు, కర్పూరం శీతవీర్యం గలవి. కస్తూరి, కుంకుమపువ్వు, అగరు ఉష్ణవీర్యం గలవి. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం విలేపనాలను ఋతువుల ప్రకారం మార్చాలని విధిస్తుంది. ఆ గ్రంథంలో అన్నభోగం, తాంబూలభోగం, విలేపనభోగం ఒకే భోగాల వరుసలో నిలవడం గమనార్హం. ఈ విభాగం నేటికీ పూర్తిగా చెరగలేదు. హైదరాబాదు చార్మినార్ పరిసరాల అత్తరు వాడుకలో వేసవికి ఖస్, గులాబీ, మల్లె. చలికి షమామా, ఊద్ అన్న విభజన కొనసాగుతున్నది.

ఈ సూత్రానికి తెలుగు కావ్యరూపం ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో లభిస్తుంది. విష్ణుచిత్తుడు పరమభాగవతులకు ఋతువుకు తగిన విందు చేస్తాడు. వేసవిలో ఆ ఆతిథ్యం చందనపు పూతతో మొదలవుతుంది. తరువాత నులివెచ్చని అన్నం, తీయని చారు, చెరకురసం, లేతకొబ్బరి నీళ్లు, పండ్లు, పరిమళం కట్టిన చల్లని నీళ్లు, వడపిందెలు, పలుచని మజ్జిగ వస్తాయి. పూతకూ తిండికీ మధ్య ఇక్కడ విరామం లేదు. రెండూ ఒకే ఉపచారంలో భాగాలు. చలికాలపు విందును చెప్పే పద్యంలో కొత్తబియ్యపు అన్నానికి పునుగు తావి ఉంటుంది. వేసవికి చందనం, చలికి పునుగు అన్న ఋతువిభాగం అన్నంలోకి కూడా పాకిందన్నమాట. గూర్మాండ్ సెంటు పరిమళానికి తిండి వాసన తెచ్చిపెట్టగా, రాయలు తిండికి పరిమళద్రవ్యపు వాసన కట్టాడు.

ఒక్క విషయం మాత్రం స్పష్టం. రాయల వేసవిలో పండు కడుపులోకి వెళ్లింది, చందనం ఒంటికెక్కింది. పండు వాసన ఒంటికెక్కలేదు. అది 19వ శతాబ్ది తరువాతనే సాధ్యమైన విషయమని పైన చూశాము.

6. కొండవీటి కర్పూర వసంతం

తినదగిన ద్రవ్యం ఒంటి పరిమళమైన సందర్భానికి తెలుగునాట ప్రముఖ నిదర్శనం రెడ్డిరాజుల వసంతోత్సవం. కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి (1386–1402) ‘కర్పూర వసంతరాయలు’ అన్న బిరుదుతో ప్రసిద్ధుడు. చైత్రంలో ఎండలు ముదిరే వేళ జరిగిన ఈ ఉత్సవాల్లో కర్పూరాది సుగంధద్రవ్యాల వినియోగం ఆ బిరుదుకు కారణమని చరిత్రకారులు వివరించారు. వసంతమంటే ఋతువే కాక, ఉత్సవంలో చల్లుకొనే రంగునీళ్లు, పరిమళజలం అన్న అర్థం కూడా తెలుగులో ఉన్నది. ‘వసంతాలాట’ అన్న మాట అందుకు సాక్ష్యం.

ఈ ఉత్సవాల వెనుక సముద్ర వర్తకం ఉన్నది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. ఆ కావ్య పీఠిక సెట్టిని కుమారగిరి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవానిగా కీర్తిస్తుంది. తరుణాసీరి, తవాయి, గోవ, రమణ స్థానాల నుంచి చందనం, అగరు, కర్పూరం, హిమాంబువు, కుంకుమ, కస్తూరి తెప్పించినట్లు అందులో ఉన్నది. వీటిలో మొదటి రెండూ నేటి మయన్మార్ తీరంలోని టెనాసెరిమ్, టవాయి. ‘హిమాంబువు’ అన్నది పన్నీరుకు కావ్యనామం. పన్నీరును పని (మంచు, చలువ), నీరు అని విడదీస్తే హిమాంబువు దానికి సరిగ్గా సంస్కృత రూపమవుతుంది. గులాబీ నీటికి పూవు పేరు కాక చలువను తెలిపే పేరు స్థిరపడటం, పరిమళాన్ని ముందుగా ఎండకు విరుగుడుగా గుర్తించిన సంస్కృతిని సూచిస్తుంది.

వర్తకానికి ఇంకా ముందు కాలపు సాక్ష్యం కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244–45). ఓడలు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చినప్పుడు సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యింట ఒక వంతు. సుంకపు పట్టికలో చందనం, దేశీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూరతైలం విడివిడిగా పేర్కొనబడ్డాయి. కర్పూరంలోనే రెండు రకాలను శాసనం వేరుచేయడం కీలకం. తీర్థంలోనూ, పాయసంలోనూ, తాంబూలంలోనూ వేసే పచ్చకర్పూరం వేరు, హారతికి వెలిగించే కర్పూరం వేరు అన్న వివేకం నేటికీ ప్రతి తెలుగింట ఉన్నది. సుమత్రాలోని బారుస్ ప్రాంతం నుంచి వచ్చిన చెట్టు కర్పూరాన్ని చీనా కర్పూరం కన్నా ఎంతో విలువైనదిగా మధ్యయుగ వర్తక ప్రపంచం ఎంచింది.

ఈ వైభవానికి ఒక హద్దు కూడా ఉంది. ఇంత దూరం నుంచి, ఇంత సుంకంతో వచ్చిన ద్రవ్యం అందరికీ అందేది కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ఒక చాటువులో ఆ మహాకవి తెలుగరాయనిని కస్తూరి భిక్ష వేడుకుంటాడు. కవిసార్వభౌముడికే కస్తూరి యాచించవలసిన వస్తువైనప్పుడు, సామాన్యుని వేసవిలో అది ఎంత దూరపు వస్తువో ఊహించవచ్చు. ఉత్సవ వర్ణనలను సమాజమంతటి అనుభవంగా చదవడం పొరపాటు.

7. తాంబూలమే అత్తరు: మనుచరిత్ర సాక్ష్యం

తినే వస్తువు వాసనే ఒక వ్యక్తికి చిహ్నమైన పరిమళంగా పనిచేసిన సందర్భం మనుచరిత్రలో ఉన్నది. హిమాలయంలో దారితప్పిన ప్రవరుడు మనుష్య సంచారాన్ని వెతుకుతూ ఉండగా గాలి ఒకటి వస్తుంది. ఆ గాలిలో కస్తూరి సౌరభంతో రెట్టింపైన కర్పూరం దట్టించిన తాంబూలపు వాసన మిగతా పరిమళాలన్నిటినీ కప్పివేస్తుంది. అది అక్కడ స్త్రీ ఉన్నదని అతనికి తెలుపుతుంది. వరూధిని కనబడకముందే ఆమె ఉనికిని ఆమె నమిలే విడెం చాటింది.

ఈ పద్యాన్ని వ్యాఖ్యాతలు వరూధినీ సౌందర్యానికి ప్రవేశికగా, కథాసంవిధానంలో ఔచిత్యానికి ఉదాహరణగా చర్చించారు. పరిమళ చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరో విశేషం తోస్తుంది. ఆ వనంలో పూల వాసనలు లేక కాదు, వాటిని కప్పివేసే శక్తి తాంబూలానికి ఉన్నందున అది గెలిచింది. నేటి పరిభాషలో దూరం వరకు వ్యాపించే సెంటుకు ఏ గుణాలు చెబుతారో అవన్నీ దీనికి ఉన్నాయి. కాని అది సీసాలోది కాదు, నోటిలోది. ధరించేదీ తినేదీ ఒకటే. పూత కోసం ఒకటి, తిండి కోసం ఒకటి అన్న ద్వంద్వం ఇక్కడ లేదు.

ప్రవరుని నిర్ణయం కూడా ఆలోచించదగినది. పూల వాసన వస్తే అడవి అనుకొనేవాడు. తాంబూలపు వాసన కనుకనే మనిషి అనుకున్నాడు. మిశ్రమం సంస్కృతికి గుర్తు. వరాహమిహిరుని బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయం పదహారు ద్రవ్యాల కలయికలతో 1,74,720 గంధాలు ఏర్పడతాయని లెక్కగట్టింది. అలాంటి గణన జరిగిన నాగరికతలో వాసనను చదవడం విద్యగా పరిగణన పొందింది. పెద్దన ఆ విద్యను తన కథానాయకుని తర్కంగా మలిచాడు.

8. పోలిక, భేదం

పై సాక్ష్యాలను కలిపి చూసినప్పుడు మూడు నిర్ధారణలు సాధ్యమవుతాయి.

మొదటిది ద్రవ్యానికి సంబంధించినది. కొండవీటిలో గానీ, వరూధిని తాంబూలంలో గానీ పరిమళం ఆ వస్తువుకే చెందినది. పచ్చకర్పూరం వాసన వస్తే అక్కడ పచ్చకర్పూరం ఉన్నట్లే, దానిని తినవచ్చు. గూర్మాండ్ సెంటులో పీచుమిఠాయి వాసన వస్తుంది కాని పీచుమిఠాయి లేదు. ఆ సెంటును తినలేము. మొదటిది వస్తువు, రెండవది వస్తువు జ్ఞాపకం. 1992లో కొత్తగా పుట్టినది తినదగిన పరిమళం కాదు, తినరాని మిఠాయి. ఈ అర్థంలో పారిస్ వాదం సరైనదే. ‘మనకు ఎప్పుడో ఉంది’ అన్న వాదం సగమే సత్యం.

రెండవది ప్రయోజనానికి సంబంధించినది. ఋతుచర్యలో పరిమళం శరీరాన్ని చల్లబరిచే ఉపచారం. చందనం, పన్నీరు, కర్పూరం ఒంటిపై పడినప్పుడు కలిగే చలువ కూడా అనుభవంలో భాగం. కనుకనే తీపి, చలువ, వేసవి ఒకే వైపు నిలిచాయి. ఆధునిక సెంటు శరీరంపై ఉండి ఇతరుల ముక్కుకు చేరే సంకేతం. అక్కడ వేడి తీపిని పెంచి వెగటు కలిగిస్తుంది కనుక తీపి, వేసవి ఎదురెదురుగా నిలిచాయి. పండు వాటి మధ్య సంధి కుదిర్చింది.

మూడవది లభ్యతకు సంబంధించినది. కర్పూర వసంతం రాజుకూ, సెట్టికీ, వారి ఆశ్రితులకూ చెందినది. వనిలిన్ కర్మాగారం నుంచి వచ్చినందున వనిల్లా వాసన బిస్కెట్టు పొట్లం ద్వారా పేదవాని ఇంటికి కూడా చేరింది. రసాయన శాస్త్రం కృత్రిమతను తెచ్చిందన్న విమర్శలో నిజమున్నా, అది సుగంధాన్ని భిక్షాస్థితి నుంచి తప్పించిందన్న సత్యాన్ని విస్మరించరాదు.

ఈ రెండు ధారలు కలిసే చోటు ఒకటి తెలుగునేలపైనే ఉన్నది. రాయలసీమలో వేసవి వచ్చిందంటే నన్నారి షర్బత్ బండ్లు వెలుస్తాయి. నన్నారి అంటే సుగంధిపాల వేరు. పేరులోనే పరిమళం ఉన్న ఈ వేరును చలువ చేసే మందుగా సంప్రదాయం ఎంచింది. ఆ వేరు వాసనకు ప్రధాన కారణమైన అణువు వనిలిన్‌కు ఐసోమర్. అంటే రెండింటిలోనూ ఉన్న పరమాణువులు అవే, వాటి సంఖ్యా అదే, అమరిక మాత్రమే వేరు. జర్మన్ కర్మాగారంలో 1874లో తయారైన తీపి వాసనకు తోబుట్టువు సీమ నేలలో ఎప్పటి నుంచో ఉన్నదన్నమాట. ఐరోపాలో ఆ వాసన పాలతో, పంచదారతో, పొయ్యి వేడితో ముడిపడి చలికాలపు జ్ఞాపకమైంది. సీమలో దాని తోబుట్టువు నిమ్మరసంతో, చల్లని నీటితో ముడిపడి వేసవి జ్ఞాపకమైంది. ఋతువును నిర్ణయించినది అణువు కాదు, అలవాటు. తీపి వాసన జ్ఞాపకమన్న మాటకు ఇంతకన్నా దగ్గరి నిదర్శనం అవసరం లేదు. ఈ పానీయం రాజులది కూడా కాదు. వీధిలో నిలబడి తాగేది. కావ్యాల్లో కర్పూరానికి దక్కిన చోటు దీనికి దక్కకపోయినా, కమ్మదనం అన్న మాటకు నిండైన అర్థం ఇందులోనే కనిపిస్తుంది.

9. ముగింపు

వేసవి తీపి సెంటును కేంద్రంగా తీసుకొని సాగిన ఈ పరిశీలన పరిమళ చరిత్రకు సాహిత్యం ఆకరం కాగలదనీ, పరిమళ చరిత్ర సాహిత్య పఠనానికి తోడ్పడగలదనీ తెలుపుతున్నది. ఆముక్తమాల్యద విందులో చందనం ముందుగా రావడం, హరవిలాస పీఠికలో పన్నీరు హిమాంబువు కావడం, మనుచరిత్రలో తాంబూలం పూలను కప్పివేయడం కేవలం వర్ణనలు కావు. తిండి, పూత, ఋతువు ఒకే వ్యవస్థగా ఉన్న జీవనానికి అవి ఆనవాళ్లు. ఆ వ్యవస్థ విడిపోయిన తరువాత పుట్టినది గూర్మాండ్ సెంటు. వంటింటి నుంచి వేరుపడిన పరిమళం మళ్లీ వంటింటిని తలచుకోవడమే దాని తీపి.

ప్రబంధాల్లోని సుగంధద్రవ్య ప్రస్తావనలను ఋతువుల వారీగా, తినే సందర్భం, పూసుకొనే సందర్భం అని వేరుచేసి సేకరించడం తదుపరి పరిశోధనకు అవసరమైన పని. దానితోపాటు నన్నారి, పానకం, వట్టివేరు నీళ్లు వంటి వాటికి ప్రాంతీయ వ్యవహారంలో ఉన్న పేర్లను, వాడుకలను ముసలివారి నుంచి నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. కావ్యాలు గ్రంథాలయాల్లో నిలిచి ఉంటాయి. వేరు వాసనను బట్టి మంచి నన్నారిని గుర్తించగలిగే జ్ఞానం మనుషుల్లో మాత్రమే ఉంటుంది.